బల్బు కింది పిల్లను బయటి గూటికి మార్చేటప్పుడు

(సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



రైతు సంఘం తరగతిలో కోడిపిల్లల మాటేంది అని ఇందాక టీ తాగే దగ్గర ఒకాయన నవ్వినాడు. టమోటా ధర పడిపోయి, పాల బిల్లు ఆలస్యమైన వారంలో ఇంట్లోకి ఉప్పూ పప్పూ ఎట్లా వచ్చిందో ఆయన ఇంటికి పోయి అడిగితే తెలుస్తుంది. రెండు కోళ్లు సంతకు పోయింటాయి. ఆ డబ్బు ఆడవాళ్ల చేతి డబ్బు. దానికి రుణమాఫీ లేదు, బీమా లేదు. పిల్లలు చచ్చిపోతే ఎవరూ వచ్చి రాసుకొని పోయేది లేదు.

మందుల గురించి తర్వాత డాక్టరు గారు చెబుతారు. నేను ఒక్క విషయమే మాట్లాడతాను. బల్బు కింద పెరిగిన పిల్లను బయటి గూటికి మార్చే పది రోజుల సంగతి.

మా ఇంట్లో ఒక మార్గశిరంలో నాలుగు వారాల పిల్లలు 30 కొన్నాం. సాయంత్రం తెచ్చి గూట్లో వదిలి తలుపు వేశాను. మూడోరోజు తెల్లారేసరికి 11 పోయినాయి. రోగం అనుకొని మందుల షాపుకు పరిగెత్తబోతే మా అమ్మ గూట్లోకి తొంగిచూసి, "రోగమైతే అక్కడొకటి ఇక్కడొకటి పోతుంది గదరా, ఇవన్నీ ఒకే మూలన అణిగిపోయి ఉండాయే" అనింది. చలికి ఒకదానిమీద ఒకటి ఎక్కినాయి. అడుగున పడినవి ఊపిరాడక చచ్చినాయి. నేను మందు కొనింటే ఆ డబ్బూ పోయేది, నాలుగోరోజు ఇంకో నాలుగు పిల్లలూ పోయేవి.

లెక్క చూడండి. మొదటి వారం పిల్లకు 35 డిగ్రీల వేడి కావాలి. వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ వస్తే నాలుగో వారానికి 26 దగ్గరికి వస్తుంది. మన మూడు ఊళ్లూ సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైన ఉన్నాయి. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ రోగుల ఆసుపత్రి పెట్టింది ఇక్కడి గాలి మంచిదనే. రోగికి మంచిదైన గాలి ఈకలు రాని పిల్లకు మంచిది కాదు. పుష్యమాసం తెల్లవారుజామున ఇక్కడ 15 డిగ్రీలు, ఒక్కోసారి ఇంకా కిందికి పోతుంది. అంటే నిన్న రాత్రి 26లో పడుకున్న పిల్లను ఈ రాత్రి 15లో పడుకోమంటున్నాం. "నాలుగు వారాలకు బయట వదలొచ్చు" అని చెప్పేవాళ్లు ఏ ఊరి రాత్రిని చూసి చెబుతున్నారో అడగండి. చిత్తూరు కింద ఎండలో చెల్లే మాట పుంగనూరు చలిలో చెల్లదు. ఏప్రిల్‌లో నాలుగు వారాలకే మార్చండి, నేను వద్దనను. డిసెంబరు, జనవరిలో మాత్రం ఆరు వారాలు ఆగండి.

వారాలకంటే మంచి గుర్తు ఈకలు. పిల్లను చేతిలోకి తీసుకొని వీపు మీద, రెక్క కింద చూడండి. నూగు పోయి ఈక కమ్ముకొని ఉంటే సిద్ధం. మెడ మీద, వీపు మీద చర్మం కనబడుతుంటే ఇంకా లేదు.

నాటుకోడి ఏం చేస్తుందో గమనించినారా? పొదిగిన తల్లి నాలుగు వారాలకు పిల్లల్ని వదిలిపెట్టి పోదు. పగలు వెంట తిప్పుతుంది, మబ్బు పడితే రెక్క కిందికి పిలుస్తుంది, రాత్రి మీద పడుకుంటుంది. సుమారు రెండు నెలలకు గానీ పొడిచి తరమదు. ఒక్కరోజులో వేడి తీసెయ్యదు, కొంచెం కొంచెంగా తీస్తుంది. హేచరీ పిల్లకు ఆ తల్లి లేదు కాబట్టి ఆ పని మనదే.

ఎట్లాగంటే, మూడు వారాలు దాటినాక ఎండ ఉన్న రోజు పది గంటలప్పుడు పిల్లల్ని గంప కిందనో వల కిందనో గంటసేపు బయట పెట్టండి. రోజూ ఇంకాస్త పెంచండి. లోపల పగటి పూట బల్బు తీసెయ్యండి. తర్వాత రాత్రి బల్బు కూడా తీసేసి, అదే గదిలో, అదే పొట్టు మీద మూడు రాత్రులు చూడండి. పిల్లలు పరుచుకొని పడుకుంటే చలి తట్టుకున్నట్టు. గుంపుగా ఒత్తుకొని కీచుమంటే బల్బు మళ్లీ వెయ్యండి, తొందరేమీ లేదు. కరెంటు పోతుందని బొగ్గుల కుంపటి పెట్టే అక్కలు ఉన్నారు. గది మూసి కుంపటి పెడితే ఆ గాలికి పిల్లలే కాదు, పక్కన పడుకున్న మనుషులూ పోతారు. పైన కిటికీ తెరిచే ఉండాలి.

గూటికి మార్చేది పొద్దున పూట. వెలుతురులో నీళ్లెక్కడ, మేతెక్కడ అని చూసుకుంటాయి. పాత నీళ్ల డబ్బాలే పెట్టండి, పాత పొట్టు నాలుగు గుప్పిళ్లు కొత్త గూట్లో చల్లండి. మొదటి రోజు నీళ్లలో కొంచెం బెల్లం కలపండి. అదే రోజు మేత మార్చొద్దు, అదే రోజు టీకా వేయించొద్దు. ఒక కష్టం మీద ఇంకో కష్టం పెట్టినట్టవుతుంది. గూటి నాలుగు మూలల్నీ గడ్డితోనో అట్టతోనో నింపి గుండ్రంగా చెయ్యండి. మా 11 పిల్లలూ చచ్చింది మూల ఉండబట్టే. గాలి వచ్చే వైపు గోనెపట్ట కట్టండి, పైన జానెడు వదలండి. పూర్తిగా మూసేస్తే రెట్ట ఘాటుకు కళ్లు మండి రొంప పడుతుంది. నాలుగు రోజులు గూట్లోనే ఉంచి, ఐదోరోజు పొద్దు గూకడానికి రెండు గంటల ముందు వదలండి. చీకటి పడేసరికి అవే లోపలికి వస్తాయి. పెద్ద కోళ్లతో మూడు నెలల దాకా కలపొద్దు. పొడుస్తాయి సరే, వాటి రెట్టలో ఉండే రోగాలు వాటికి పట్టవు, వీటికి పడతాయి.

కుప్పం వాళ్లకు చలికి ముందే ఇంకో గండం ఉంది, ముసురు. అక్టోబరు, నవంబరులో పొట్టు తడిస్తే రక్తపారుడు వస్తుంది, అదీ సరిగ్గా మూడు నుంచి ఆరు వారాల పిల్లలకే. పొట్టు చేతిలో పట్టి పిసికితే ముద్ద కట్టకూడదు. కడితే తీసెయ్యండి. మనకు వరి ఊక కంటే వేరుశనగ పొట్టు సులభంగా దొరుకుతుంది, వాడుకోండి. బూజు పట్టింది మాత్రం వద్దు, ఆ బూజు విషం. బూజు పట్టిన చెక్క మేతలో కలిపినా అంతే. ముంగిస, పిల్లి సంగతి మీకు నేను చెప్పేదేముంది, అరంగుళం కంతల వల వాడండి.

ఇప్పుడు సంఘం మాట.

పట్టుపురుగులు పెంచేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. చాకీ కేంద్రం నుంచి రెండో జ్వరం దాటిన పురుగు తెచ్చుకునేటప్పుడు ఏ రోజు చాకీ కట్టారు, ఏ రోజు జ్వరం లేచింది అని అడగకుండా తెస్తారా? కోడిపిల్లకు ఎందుకు అడగం? కేంద్రం పెరటి కోళ్ల పథకంలో ఒక్కో పేద కుటుంబానికి 45 పిల్లల్ని విడతలుగా, నాలుగు వారాల వయసులో ఇచ్చే పద్ధతి పెట్టారు. అప్పటిదాకా పెంచే చోటును మదర్ యూనిట్ అన్నారు. తల్లి పేరు పెట్టుకున్నారు గానీ తల్లి చేసే పనిలో సగమే ఒప్పుకున్నారు. మిగతా సగం, అదీ కష్టమైన సగం, కూలికి పోయి సాయంత్రం ఇల్లు చేరే ఆడమనిషి మీద పెట్టారు. 2021లో మార్చిన జాతీయ పశుధన మిషన్‌లో తల్లికోళ్ల ఫారం, హేచరీ, మదర్ యూనిట్ కలిపి పెట్టేవాళ్లకు పెట్టుబడిలో సగం, 25 లక్షల దాకా సబ్సిడీ ఉంది. ఇవ్వనీ, మంచిదే. అంత సాయం అందుకునే చోట చలికాలంలో పిల్లను ఇంకో రెండు వారాలు ఉంచుకోమనడం గొంతెమ్మ కోరిక కాదు. ఆ రెండు వారాల మేత ఖర్చు పథకంలోనే కలపాలి.

పిల్లలు ఎవరి దగ్గర కొన్నా, సంతలో బుట్టలో అమ్మేవాళ్ల దగ్గరైనా సరే, నాలుగు సంగతులు కాగితం మీద రాయించుకోండి. పొదిగిన తేదీ, 5 నుంచి 7 రోజుల మధ్య వేసే లసోటా, 14వ రోజు గంబోరో, 28వ రోజు రెండో లసోటా. రాసివ్వనంటే వేయలేదనే అనుకోండి. రాత్రి బల్బు ఎప్పుడు తీసేశారో కూడా అడగండి. నిన్నటిదాకా బల్బు వేసి ఉంటే, ఇంటికి తెచ్చినాక మీరూ వారం రోజులు వెయ్యాల్సిందే.

అధికారులను మనం అడగాల్సింది ఒకటుంది. పిల్లలు ఇచ్చిన రోజు కాదు, ఇచ్చిన ముప్పయ్యో రోజు వచ్చి లెక్కపెట్టండి అని. ఆ లెక్క వాళ్లు పెట్టేలోపు మనమే పెడదాం. మీ మీ ఊళ్లలో ఈ చలికాలం ఎవరు ఎన్ని తెచ్చారు, ఎన్ని వారాలవి, పది రోజులకు ఎన్ని మిగిలాయి, చచ్చినవి మూలన చచ్చినాయా, రక్తపారుడుతో చచ్చినాయా అని ఒక నోటుపుస్తకంలో రాయండి. మాఘమాసం సమావేశానికి ఆ పుస్తకాలు తీసుకురండి. వినతిపత్రానికి అవే జతచేసి పంపుదాం.