మన తాతముత్తాతల జాడ
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)



మన కొమురవెల్లి పిల్లవాణ్ణి "మీ తాతకు తాత ఎవరు?" అని అడిగి చూడండి, తల గోక్కుంటాడు. తప్పు వాడిది కాదు, చెప్పని మనది. మా పర్‌దాదా సంగతులు మా దాదీ ఒక్కతికే తెలుసు. అడుగుదాం, అడుగుదాం అనుకుంటుండగానే ఆమె వెళ్లిపోయింది. సందూకులో ఒక ఉర్దూ కాగితం మిగిలింది. చదివేవాడు ఇంట్లో లేడు!

కనుక ముందుగా ముసలివాళ్లను అడిగి రాసుకోండి. తర్వాత నిఖానామాలు, పట్టా కాగితాలు, గోరీల మీది రాతలు చూడండి. నిజాం కచేరీలలో మొదట ఫారసీ, 1880 దశకం నుంచి ఉర్దూ నడిచాయి. కాగితంపై ఫసలీ 1290 అని ఉంటే 590 కలపండి, 1880-81 వస్తుంది. భూమి ఉన్నవారికి సేత్వారు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ దారి చూపుతాయి. మన ఊరు 2016లో సిద్దిపేట జిల్లాలో చేరింది, అంతకు ముందు వరంగల్ జిల్లా. పాత జిల్లా పేరుతోనూ వెతకాలి. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఫారసీ, ఉర్దూ దస్తావేజులున్నాయి.

అయితే భూమి లేని కూలివాని పేరు, ఆడవాళ్ల పేర్లు దస్త్రాల్లో అరుదు. వాళ్లు మిగిలేది పెద్దల నోటిలోనే. అందుకే ఇంటికొక నోటుబుక్కు పెట్టండి. చదవరాదని ఏ కాగితమూ పారేయకండి, చదివేవారికి చూపండి.

సెలవు. ఖుదా హాఫిజ్.