క్రెడిట్ అను మాట

'క్రెడిట్' అనగానే మనకు తోచునది అప్పు. కాని దీనికి మూలమైన లాటిను ధాతువునకు 'నమ్ముట' యని అర్థము. ఫ్రెంచి మీదుగా 16వ శతాబ్దమున ఇంగ్లీషున జొచ్చినది. మన సంస్కృత 'శ్రద్ధ' దీనికి తోబుట్టువే! 'హృదయము నుంచుట' యను ప్రాచీన పదబంధము నుండి రెండును పుట్టినవని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. పితృకార్యము శ్రాద్ధమైనదియు ఆ నమ్మికచేతనే. తెలుగున శ్రద్ధ నేడు పిల్లల చదువునకే మిగిలినది, పాపము!

క్రెడిట్‌ను మనవారు 'పరపతి' యనిరి. 1904 నాటి సహకార పరపతి సంఘముల చట్టము క్రింద పల్లె సంఘములలో ఒకని బాకీకి సభ్యులందరును పూచీ. కనుక ఇరుగుపొరుగువారు నమ్మినవానికే అప్పు పుట్టెడిది.

మన గ్రంథాలయము కూడ అట్టి పరపతి మీదనే నడచుచున్నది. పుస్తకములు కొన్ని తిరిగి రాలేదు; ఇకమీదట ధరావతు పుచ్చుకొనవలెనని కొందరి కోరిక. ధరావతు కట్టలేని కూలివారి బిడ్డ యేమి చదువవలెను? నేనందులకు సమ్మతింపను.