ఒక క్రియాపదమును గూర్చి: అధ్యక్షోపన్యాసము



మనము నేడు కూడిన ఈ సికింద్రాబాదు పొలిమేరలోనే, బేగంపేటయందు, 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. మలేరియా అనగా ఇటలీ భాషలో చెడ్డగాలి. జ్వరమునకు కారణము గాలి కాదని ఇచ్చట రుజువై నూటయిరువదియేండ్లు దాటినను ఆ పేరు మారలేదు. దానివలన రోగికి నష్టమును లేదు. ఏలయన వైద్యుడు పేరును చూచి గాక నెత్తురును పరీక్షించి మందిచ్చును. కాని కొన్ని పేర్లు రోగిని వైద్యుని గుమ్మము వరకు పోనీయవు. భాషయే వృత్తిగా బ్రతికిన నాకు ఈ పీఠమునుండి మాటలాడు అవకాశము దొరకినది గనుక, అట్టి పేర్లను గూర్చియే విన్నవించెదను.

గర్భమును గూర్చి మన యిండ్లలోని పలుకుబడి ఎంత సంపన్నమైనదో మీరెరుగుదురు. నెల తప్పినది, నీళ్లోసుకొన్నది, వేవిళ్లు పట్టినవి, వట్టిమనిషి కాదు - ఈ మాటలన్నిటియందును ఒక లాలన కలదు. గర్భము నిలువక పోయినప్పుడు 'పాపము, కడుపు పోయినది' అందుము; ఇరుగుపొరుగు స్త్రీలు వచ్చి కూర్చుండి ఓదార్తురు. అదే స్త్రీ తన యవసరము కొలది గర్భము వలదనుకొని వైద్యుని ఆశ్రయించినచో 'కడుపు తీయించుకొన్నది' అందుము; అప్పుడెవ్వరును రారు. ఈ రెండు వాక్యములకు నడుమ వ్యాకరణమున నున్న భేదము స్వల్పము. 'పోవు' అకర్మకక్రియ, అందు చేసినవారెవ్వరును లేరు. 'తీయించుకొను' నందన్ననో ప్రేరణార్థకమైన 'ఇంచు'ను, ఆత్మార్థకమైన 'కొను'ను రెండును చేరి, చేయించినదియు తానే, ఫలమనుభవించునదియు తానే యని ఆ స్త్రీని ఒంటరిగా నిలువబెట్టును. భర్త, అత్తగారు, చాలని జీతము, పాలు మానని చంటిబిడ్డ - ఎవ్వరికిని ఆ క్రియలో చోటు లేదు.

శాస్త్రకారులు కూర్చిన 'గర్భవిచ్ఛిత్తి' ప్రభుత్వపు ఉత్తరువులు దాటి రాలేదు. 'గర్భస్రావము' తనంతట జరిగినదానికిని, చేయించుకొన్నదానికిని గూడ చెల్లుచున్నది. ఇక మిగిలినది 'భ్రూణహత్య'. ధర్మశాస్త్రములలో మహాపాతకముల సరసన నిలిచిన ఈ శబ్దమును, ఆడపిల్లలను గర్భమునందే గుర్తించి తొలగించు ఘోరమును మాన్పుటకై 1994లో లింగనిర్ధారణ నిషేధచట్టము వచ్చిన పిమ్మట, గోడలమీదను, స్కానింగు సెంటర్ల బోర్డులమీదను వ్రాయసాగిరి. ఆ ఉద్యమము ఆవశ్యకమని నా దృఢవిశ్వాసము. అయితే ఆ చట్టము నిషేధించినది కడుపులోని బిడ్డ ఆడయో మగయో చెప్పుటను. గర్భమును తొలగించుకొనుట వేరొక చట్టమునకు లోబడిన విషయము. బోర్డుమీది మాట ఆ రెండింటిని ఒకటిగా చేసి చదివించుచున్నది.

ఇది ఊహించి చెప్పుచున్న మాట కాదు. ఒకనాడు మెట్టుగూడ దాపున ఒక బస్తీలోని అంగన్‌వాడీ గదిలో నేను కూర్చుండియుంటిని. దూలమునుండి పిల్లలను తూచు త్రాసు వ్రేలాడుచుండెను. మూలన కోడిగ్రుడ్ల అట్టలు. రైలు పోయినప్పుడెల్ల ఆశా కార్యకర్త మాట ఆపి, మరల అందుకొనుచుండెను. సభ ముగిసి అందరును లేచుచుండగా గడపవద్ద చంటివానిని ఒడిలో నుంచుకొన్న ఒక యువతి మెల్లగా అడిగినది: "అక్కా, మా తోడికోడలు రెండు నెలలు తప్పింది. చిన్నోడు ఇంక పాలు ఇడవలే. తీపిచ్చుకుందమంటే జైల్ల ఏస్తరంటగదా? దవాఖానల గోడ మీద రాసిండ్రు."

1971లో పార్లమెంటు వైద్యవిధానమున గర్భమును తొలగించు చట్టమును చేసెను. శాంతిలాల్ షా అధ్యక్షతను నియుక్తమైన సంఘము నాటువైద్యపు చేతులలో స్త్రీలు ప్రాణములు కోల్పోవుటను విచారించి 1966లో ఇచ్చిన నివేదిక దానికి మూలము. అనగా ఆ చట్టమునకు అర్ధశతాబ్దికి మించిన వయస్సు కలదు. ఆ యువతి తల్లియే దాని తరువాత పుట్టియుండును. 2021 సవరణ ననుసరించి ఇరువది వారములలోపు ఒక వైద్యుని అభిప్రాయము చాలును. అత్యాచారమునకు గురియైనవారు, మైనరు బాలికలు, గర్భముతో నుండగా భర్తను కోల్పోయినవారు మొదలగు కొందరికి ఇద్దరు వైద్యుల అభిప్రాయముతో 24 వారముల వరకు గడువు కలదు. గర్భనిరోధక సాధనము విఫలమగుట ఒప్పదగిన కారణమే. పదునెనిమిదేండ్లు నిండిన స్త్రీకి తన సమ్మతి తప్ప భర్త సంతకము అక్కరలేదు. ఆమె పేరు బయటపెట్టినవారు శిక్షార్హులు. 2022 సెప్టెంబరు 29న సర్వోన్నత న్యాయస్థానము ఈ విషయమున పెండ్లియైనవారికిని కానివారికిని భేదము చూపరాదని తీర్పు చెప్పెను. ఇది సంపూర్ణమైన హక్కని నేననను, తుదిమాట నేటికిని వైద్యునిదే. ఉన్నంతమట్టుకైనను అది తెలియవలసినవారికి తెలియలేదనుటయే నా బాధ.

తెలియకపోవుటవలన జరుగుచున్నదేమి? 2015లో దేశమున సుమారు 1 కోటి 56 లక్షల గర్భవిచ్ఛిత్తులు జరిగినవనియు, అందు 73 శాతము ఆసుపత్రులకు వెలుపల మాత్రలతో జరిగినవనియు పరిశోధకులు అంచనా కట్టిరి. సాధారణముగ భర్తయో అన్నయో మెడికల్ షాపులో చెవిలో చెప్పినట్లు అడిగి తెచ్చును. తొమ్మిది వారములలోపు, వైద్యుని పర్యవేక్షణలో, ఆ మాత్రలు నమ్మదగినవే. కాని గర్భము గర్భసంచిలో గాక గొట్టములో నిలిచినదేమో షాపువాడెరుగడు; ఆమెకు రక్తహీనత యున్నదేమో చూడడు; గంటకు రెండు పెద్ద ప్యాడ్లు తడిసిపోవునట్లు వరుసగా రెండు గంటలు రక్తము పోయినచో తక్షణమే ఆసుపత్రికి పరుగెత్తవలెనని చెప్పడు. చెప్పుటకు ఆమె అచ్చట లేదుగదా.

జ్ఞానమును ప్రజలవద్దకు కొనిపోవుట ఈ నగరమునకు క్రొత్త కాదు. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున నెట్-ఎన్ అను గర్భనిరోధక సూదిమందును స్త్రీలపై పరీక్షింప బూనినప్పుడు, హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన సభ్యులు అక్కడికేగి, అది ప్రయోగమన్న సంగతిని వచ్చినవారికి విప్పి చెప్పగా, పలువురు వెనుదిరిగి పోయిరి. మరు సంవత్సరము ఆ వివాదము సుప్రీంకోర్టు నెక్కినది. ఆ సంఘటన సభ్యులలో కొందరు పిమ్మట 1991లో 'సవాలక్ష సందేహాలు' అను ఆరోగ్యగ్రంథమును వెలువరించిరి. పటాన్‌చెరు ఉదంతము నాకిష్టమగుటకు కారణమొకటి కలదు. అచ్చట తెలిసికొన్న స్త్రీలు 'వలదు' అనిరి. మెట్టుగూడ యువతి తెలిసికొని 'వలయును' అనవచ్చును, లేక మనసు మార్చుకొని బిడ్డను కనవచ్చును. ఆమె యేమనునో ముందుగ నిర్ణయించుకొని పోవు బోధకుడు మరియొక అత్తగారగును.

అంతకుముందు మాలతీ చందూర్ గారు 'ప్రమదావనము' అను పత్రికాశీర్షికలో ఎందరో స్త్రీల ప్రశ్నలకు దశాబ్దముల తరబడి తేటతెలుగున బదులిచ్చిరి. ఆ పరంపరకు వారసులమైన మనమీ సభలో నిఘంటువును గూర్చి చర్చింపనున్నాము గనుక నాదొక ప్రార్థన: ఈ విషయమునకు బస్తీలో నవ్వులపాలు కాని, నేరమును స్ఫురింపజేయని మాటను వెదకుడు. గ్రంథములలో గాక ఆశా కార్యకర్తల నోట, నర్సుల నోట వెదకుడు. గోడమీద వ్రాయునప్పుడు 'భ్రూణహత్య' అని గాక 'ఆడయా మగయా అని చెప్పుట నేరము' అని వ్రాయుడని వైద్యశాఖవారిని కోరుదము. మగవారి సభలలోను, కళాశాలలలోను గూడ ఈ చట్టమును చదివి వినిపింపుడు. మాత్రలు కొనితెచ్చువారు వారే గదా.

ఆనాడు ఆశా కార్యకర్త జైలు మాట అబద్ధమని, భర్త సంతకము వలదని చెప్పిన పిదప ఆ యువతి కదలలేదు. చంటివాని తల నిమురుచు, "ఓపీ చీటీ కాడ మగోళ్లుంటరు. ఆడ ఏమని చెప్పాలె?" అని అడిగినది. నలువది సంవత్సరములు తెలుగు చెప్పిన నేను నోరు మెదపలేకపోతిని. ఆశా కార్యకర్త మాత్రము తడుముకొనలేదు: "నెల తప్పింది, డాక్టరమ్మను కలవాలె అను. అంతే. మిగిలింది లోపలికి పోయినంక ఆమెతోని చెప్పు."

ఆమె ఆ వాక్యమును రెండుమారులు పెదవులలోనే అనుకొన్నది. లేచి, బిడ్డను చంకకెత్తుకొని, "పొద్దుగాల వీన్ని మా తోడికోడలికి అప్పజెప్పి వస్త" అన్నది.