సీటు వచ్చాక మొదటి ఏడాది
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





మన సంస్థ ఏటా చదువుకునే పిల్లలకు ఫీజులిస్తోంది, పుస్తకాలిస్తోంది. ఈ సావనీర్‌లో సాయం పొందినవారి పేర్లు వరసగా అచ్చవుతాయి. ఆ పేర్లు చూసినప్పుడు మనందరికీ సంతోషం కలుగుతుంది. బడిలో ఈ పిల్లలకు అక్షరాలు దిద్దించిన ఉపాధ్యాయులం మేము. అందుకే ఆ జాబితా చూడగానే మాకు మరో ప్రశ్న కూడా వస్తుంది. ఈ పేర్లలో ఎన్ని మూడేళ్ల తర్వాత డిగ్రీ పట్టా మీద కనిపిస్తాయి? ఈరోజు మేము మాట్లాడదలచుకున్నది దాని గురించే.

2005లో కేంద్ర ప్రభుత్వం నియమించిన సచార్ కమిటీ 2006 నవంబరులో నివేదిక ఇచ్చింది. ఇరవై ఏళ్లు దాటిన ముస్లింలలో డిగ్రీ గానీ డిప్లొమా గానీ ఉన్నవారు 4 శాతానికి లోపే ఉన్నారని, దేశం మొత్తం మీద అది సుమారు 7 శాతమని అందులో ఉంది. పేరున్న కళాశాలల్లో డిగ్రీ చదివే ప్రతి 25 మందిలో ఒక్కరే ముస్లిం అని కూడా చెప్పింది. ఆ మరుసటి ఏడాది, 2007లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంటూ వచ్చింది. మనలాంటి సంస్థలు కూడా ముందుకొచ్చాయి. పేదింటి పిల్లలకు కాలేజీ గుమ్మం దాటే దారి ఏర్పడింది. అయితే గుమ్మం దాటిన తర్వాత లోపల నిలదొక్కుకోవడం వేరే పని.

ఇంటర్ వరకు మన పిల్లలు ఎలా చదువుతారో మీకు తెలుసు. లెక్చరరు నోట్స్ చెప్తారు, పిల్లలు రాసుకుంటారు. ముఖ్యమైన ప్రశ్నలకు గుర్తు పెట్టిస్తారు. వాటిని బట్టీ పట్టి పరీక్ష రాస్తారు. ఏం చదవాలో, ఎప్పుడు చదవాలో, ఎంత చదవాలో ఇంకొకరు చెప్తూ ఉంటారు. డిగ్రీలో చేరిన రోజు నుంచి ఈ చెప్పేవారు ఉండరు. సెమిస్టర్ అంటే అయిదారు నెలలు. కాలేజీ ఎటు ఉందో, ఏ గదిలో ఏ క్లాసో తెలిసేసరికే ఇంటర్నల్ పరీక్షలు వచ్చేస్తాయి. పాఠం ఇంగ్లీషులో నడుస్తుంది. ఉర్దూ మీడియంలోనో తెలుగు మీడియంలోనో పదో తరగతి చదివిన అమ్మాయికి పాఠంలోని విషయం కన్నా ముందు మాటలే అడ్డుపడతాయి. సందేహం అడగడానికి సిగ్గు. అడిగితే నవ్వుతారేమోనని భయం. మొదటి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు మిగిలిపోతాయి. రెండో సెమిస్టర్‌లో అవి నాలుగవుతాయి. అప్పుడు ఇంట్లో ఒకరు అంటారు, 'చదువు మన వల్ల అయ్యేది కాదులే, దుకాణంలో కూర్చో' అని. అమ్మాయి అయితే పెళ్లి మాట వస్తుంది. ఈ పిల్లలు తెలివి తక్కువై ఆగిపోవడం లేదు. చదివే పద్ధతి ఎవరూ నేర్పక ఆగిపోతున్నారు.

ఈ సంగతి గ్రహించి ఏర్పాటు చేసినవారు మన దగ్గరే ఉన్నారు. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం మొదలైంది. జనం ట్రిపుల్ ఐటీ అంటారు. పదో తరగతి మార్కుల మీద పల్లెటూరి పిల్లల్ని తీసుకుంటారు. చదువు మొత్తం ఆరేళ్లు. అందులో మొదటి రెండేళ్లు పీయూసీ. అంటే ఇంజనీరింగ్‌లోకి దించే ముందు పునాదికే రెండేళ్లు ఇచ్చారు. దానికి తొలి చాన్సలర్‌గా ఉన్న రాజ్ రెడ్డి గారు చిత్తూరు జిల్లా పల్లెటూరిలో పుట్టి, కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డును 1994లో అందుకున్నవారు. పల్లె బడిలో మొదటి స్థానంలో నిలిచిన పిల్లవాడైనా పెద్ద చదువుకు కొంత తయారీ కావాలన్నది ఆ ఏర్పాటులోని ఆలోచన.

మదరసాలో చదివి బయటికి వచ్చే పిల్లల కోసం అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం 2013లో బ్రిడ్జి కోర్సు పెట్టింది. హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలోనూ బ్రిడ్జి కోర్సులు ఉన్నాయి. కొత్తగా చేరిన విద్యార్థులను కాలేజీ జీవితానికి అలవాటు చేయడానికి యూజీసీ 2019లో దీక్షారంభ్ అనే కార్యక్రమాన్ని సూచించింది. కానీ మన ఊళ్లలోని మామూలు డిగ్రీ కాలేజీలో చేరే పిల్లవాడికి పీయూసీ లేదు, బ్రిడ్జి కోర్సు లేదు. ఆ వంతెన మనమే వేయాలి.

ఏం నేర్పాలి అంటే, మా అనుభవంలో నాలుగు పనులు చాలు.

మొదటిది, నోట్స్ రాసుకోవడం. బోర్డు మీదున్నది దించుకోవడం నోట్స్ కాదు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ అనే అధ్యాపకుడు ప్రచారం చేసిన పద్ధతి ఒకటుంది. పేజీలో ఎడమవైపు కొంచెం చోటు వదలాలి. కుడివైపు క్లాసులో విన్నది రాయాలి. ఇంటికొచ్చాక ఎడమవైపు ప్రశ్నలు రాసుకోవాలి. అడుగున రెండు మూడు వాక్యాల్లో సారాంశం రాయాలి. తర్వాత కుడివైపు చేత్తో మూసి, ఎడమవైపు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. ఒక స్కేలు, ఒక పెన్సిలు ఉంటే చాలు, ఖర్చు లేదు. ఆ సారాంశాన్ని మొదట్లో ఉర్దూలోనో తెలుగులోనో రాసినా తప్పులేదు. అర్థమైన తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకోవడం సులువు.

రెండోది, మళ్లీ మళ్లీ గుర్తుచేసుకోవడం. చదివినది ఎంత త్వరగా మరచిపోతామో 1885లోనే ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు తన మీద తానే ప్రయోగం చేసుకుని చూపించాడు. కొన్ని రోజుల ఎడంతో తిరిగి చదివితే నిలుస్తుందని కూడా చెప్పాడు. ఈ మాట వింటే మన హాఫిజ్ సాబ్‌లు నవ్వుకుంటారు. హిఫ్జ్ చేసే పిల్లవాడికి సబఖ్, సబ్ఖీ, మన్జిల్ అని మూడుంటాయి కదా. ఈరోజు కొత్త పాఠం, ఈమధ్య అయిన పాఠం, పాత పాఠం. మూడూ రోజూ ఉస్తాద్‌కు చూడకుండా అప్పజెప్పాలి. ఏ పాఠాన్నీ పరీక్ష ముందు రాత్రికి వదలరు. మన ఇళ్లలో ఇంత చక్కటి పద్ధతి ఉండగా అకౌంట్స్‌కు, ఎకనామిక్స్‌కు దాన్ని వాడుకోవడం నేర్పడం లేదు. ఒక తేడా మాత్రం చెప్పాలి. డిగ్రీలో అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పడం కాదు, విషయాన్ని తన మాటల్లో చెప్పగలగాలి.

మూడోది, సమయం. ఫజర్ తర్వాత గంట, మగ్రిబ్‌కూ ఇషాకూ మధ్య గంట, ఈ రెండూ దాదాపు ప్రతి ఇంట్లో దొరుకుతాయి. నమాజు వేళలకు కట్టుబడిన పిల్లవాడికి టైం టేబుల్ కొత్త కాదు. వారానికో కాగితం మీద ఏ రోజు ఏ సబ్జెక్టో రాసి గోడకు అంటించాలి. ఆ గంటలో ఫోను అమ్మ దగ్గర ఉండాలి.

నాలుగోది, అడగడం. లెక్చరరును సందేహం అడగడం, లైబ్రరీలో పుస్తకం అడగడం, ఆఫీసులో స్కాలర్‌షిప్ గడువు అడగడం. చిన్న పనుల్లా కనిపిస్తాయి. ఇంట్లో మొట్టమొదట కాలేజీకి వెళ్లిన పిల్లకు ఇవే పెద్ద పనులు. ఒకసారి తోడు వెళ్లి చూపించేవారు ఉంటే రెండోసారి తనే వెళ్తుంది.

ఇక ఉద్యోగం మాట. చాలామంది దాన్ని ఆఖరి సంవత్సరంలో చూసుకోవచ్చనుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి అమలైన డిగ్రీ పాఠ్య ప్రణాళికలో మొదటి సంవత్సరం అయ్యాక సామాజిక సేవా ప్రాజెక్టు, ఆ తర్వాత ఇంటర్న్‌షిప్‌లు పెట్టారు. అంటే పని నేర్చుకోవడం కూడా మొదటి ఏడాదిలోనే మొదలవ్వాలి. ప్రాజెక్టు రిపోర్టును జిరాక్స్ షాపులో కొనుక్కుంటే మార్కులు రావచ్చు, పని రాదు. మొహల్లాలో ఇరవై ఇళ్లు తిరిగి, పింఛను ఎవరికి అందుతోంది, ఏ పిల్ల బడి మానేసింది అని రాసుకుని వచ్చిన పిల్లవాడికి మనుషులతో మాట్లాడటం, విన్నది రాయడం, లెక్క కట్టడం మూడూ వస్తాయి.

మన పిల్లలకు ఉన్న బలం వాళ్లకే తెలియదు. సెలవుల్లో పండ్ల బండి మీద, మటన్ కొట్లో, టైలరింగ్ షాపులో పనిచేసిన అబ్బాయికి సరుకు లెక్క, అప్పు ఖాతా, బేరం, గిరాకీతో ఓపిగ్గా మాట్లాడటం తెలుసు. బయోడేటాలో మాత్రం 'అనుభవం లేదు' అని రాస్తాడు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు వచ్చిన అమ్మాయి మూడు భాషల మనిషి. ఆసుపత్రి కౌంటరులోనైనా, బ్యాంకులోనైనా అలాంటి మనిషి కావాలి. కాకపోతే ఉర్దూ మీడియం పిల్లలు తెలుగు మాట్లాడినంత బాగా రాయలేరు. జిల్లాలో ఉద్యోగం చేయాలంటే తెలుగులో అర్జీ చదవాలి, జవాబు రాయాలి. ఇంగ్లీషుతో పాటు దీన్ని కూడా నేర్పాలి. టైపింగ్, ఎక్సెల్ నేర్చుకోవడానికి ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్స్, ప్రభుత్వం 2017లో ప్రారంభించిన స్వయం వేదిక వంటివి ఉచితంగానే ఉన్నాయి. లేనిదల్లా కూర్చోబెట్టి చూపించే పెద్దవారు.

అందుకే ఈ సభ ముందు మా మనవి. ఇప్పుడు మనం అడ్మిషన్ సమయంలో చెక్కు ఇచ్చి దువా చేసి పంపుతున్నాం. ఇకపై మొదటి ఏడాదంతా వెంట ఉందాం. ప్రతి ఆదివారం జొహర్ తర్వాత రెండు గంటలు ఒక గదిలో క్లాసు పెడదాం. అమ్మాయిలకు వేరుగా, వాళ్ల తల్లులు నిశ్చింతగా పంపేలా ఏర్పాటు చేద్దాం. మన సాయంతో డిగ్రీ పూర్తిచేసినవాళ్లలో ఒక్కొక్కరికి ముగ్గురు కొత్త పిల్లల్ని అప్పగిద్దాం. మొదటి సెమిస్టర్ మార్కుల మెమో తెప్పించుకుని చూద్దాం. తప్పినవారికి సాయం ఆపడానికి కాదు, ఎక్కడ చేయి అందించాలో తెలుసుకోవడానికి. మందుల షాపు, ట్రాన్స్‌పోర్టు, బట్టల వ్యాపారం ఉన్న భాయీలు వేసవిలో ఒక్కో విద్యార్థిని నెలరోజులు దగ్గర పెట్టుకుని పని నేర్పండి. క్లాసులు చెప్పే బాధ్యత ఉపాధ్యాయులం మేము తీసుకుంటాం. దానికి మాకు రూపాయి కూడా అక్కర్లేదు.

డబ్బు సంగతి దాచకుండా చెప్పాలి. జకాత్ సొమ్ము అర్హుడైన పేదవాడి చేతికి, అతని సొంతమయ్యేలా చేరాలని హనఫీ ఉలమా చెప్తారు. కాబట్టి గది అద్దె, కంప్యూటర్లు, పుస్తకాల బీరువా వంటి వాటికి జకాత్ ముట్టకుండా సదఖా, ఇమ్దాద్ సొమ్ము విడిగా పెట్టాలి. ఇక్కడున్న ముఫ్తీ సాబ్‌ల సలహా తీసుకునే ప్రతి పైసా ఖర్చు చేద్దాం. విరాళాల్లో పది రూపాయలకు ఒక రూపాయి ఈ పనికి కేటాయించమని అడుగుతున్నాం. దానివల్ల వచ్చే ఏడాది సావనీర్ జాబితాలో కొన్ని పేర్లు తగ్గవచ్చు. అది కష్టమైన నిర్ణయమే. గుమ్మం దగ్గర నిలబడిన పిల్లవాడికి ఈ ఏడు కాదని చెప్పడం ఎవరికీ ఇష్టముండదు. కానీ ఇరవై మందికి ఫీజు కట్టి సగం మంది మధ్యలో ఆగిపోతే, ఆ ఆగిన ఇళ్లలో తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా ఆగిపోతారు. పద్దెనిమిది మందిని చేర్చి పద్దెనిమిది మందినీ గట్టెక్కిస్తే, ఆ ఇళ్లలో తర్వాతి పిల్లల్ని మనం వెతుక్కోనక్కర్లేదు, అన్నలు అక్కలే తీసుకొస్తారు.

ఈ తీర్మానాన్ని కార్యవర్గం ఈ సంవత్సరమే చర్చకు పెట్టాలని, కాలేజీలు తెరిచేలోగా మొదటి ఆదివారం క్లాసు మొదలవ్వాలని కోరుతున్నాం. మీరిచ్చిన ప్రతి రూపాయినీ అల్లాహ్ స్వీకరించుగాక. మన పిల్లల చదువులో బరకత్ ప్రసాదించుగాక. ఆమీన్.