గడువు లేని వలస

పలనాటి వీరకథను వినువారు కోడిపోరు దగ్గర చెవులు నిక్కించెదరు. కారెంపూడి రణము దగ్గర కంట తడి పెట్టెదరు. నడుమ నున్న వనవాసమును మాత్రము త్వరగా దాటిపోవుదురు. మేమీనాడు అచటనే ఆగదలచినాము. విదేశములందలి తెలుగువారు వ్రాయుచున్న కథలను కొలుచుటకు మన సీమలో దొరకు కొలబద్ద అదియే యని మా తలంపు.

పందెములో ఓడిన మలిదేవరాజు, బ్రహ్మనాయుడు మాచెర్ల విడిచి ఏడేండ్లు వెలినుండవలసి వచ్చెను. ఆలమందలతో, పరివారముతో మండాదికిని, పిదప మేడపికిని తరలిరి. ఊరు పోయినది కాని భాష పోలేదు. కొలుచు చెన్నకేశవుడు పోలేదు. అన్నిటికంటె ముఖ్యముగా, వారి వలసకొక గడువుండెను. అది నిండగానే రాజ్యమడుగుటకు అలరాజును రాయబారము పంపిరి. రాజ్యము రాలేదు సరికదా, అలరాజు విషప్రయోగమున మరణించెను.

అమెరికా 1965లో వలస చట్టమును సవరించిన పిమ్మట అచటి కేగిన మన వైద్యులకు, ఇంజనీర్లకు ఏ నాగమ్మయు గడువు విధింపలేదు. ఐదేండ్లుండి వచ్చివేయుదమని తామే విధించుకొనిరి, తామే పొడిగించుకొనిరి. నేటి హెచ్-1బి వీసాకు సాధారణముగా ఆరేండ్ల హద్దు కలదు. గ్రీన్‌కార్డుకై వేచియున్నవారికి అదియు సాగుచునే యుండును. 1973లో అమెరికా చేరిన నిడదవోలు మాలతి, అచటి తెలుగువారి జీవితముపై వ్రాసిన నవలకు 'చాతక పక్షులు' అని పేరిడిరి. చుట్టును నీరున్నను చాతకము వానచినుకునకే నోరు తెరచునని కవిసమయము. ఆ పేరిచట ఎంతయు నప్పినది.

గోంగూర దొరకలేదనియు, సంక్రాంతికి సెలవు లేదనియు వగచు కథలు చాలినన్ని వచ్చినవి. వానిని మేము తక్కువ చేయము. కాని అసలు చిక్కు పిల్లల దగ్గర నున్నది. బాలచంద్రుడు బొంగరములాట విడిచి, తల్లి ఐతాంబ అడ్డుపడినను, పెద్దలు పోగొట్టుకొన్న నేలకై కారెంపూడిలో ప్రాణమిచ్చెను. డాలస్‌లో పుట్టిన బాలునకు నరసరావుపేట తాతగారి ఊరు. తన ఊరు కాదు. తండ్రికి తిరుగుప్రయాణమైనది వానికి వలస యగును. ఇంటికి పోదము రమ్మని తండ్రి యనినచో, ఇంటనే యున్నాము గదా యని వాడడుగును.

ఆ బాలుని కృతఘ్నుడనక, ఆ తండ్రిని వెర్రివాడనక ఇరువురి మాటయు వినిపించు కథలకై మేము వెదకుచుందుము. దొరకినపుడు రెండు మారులు చదువుదుము. అట్టి కథలలో ఐతాంబ మాట ఎవరి నోట వచ్చునా యని కూడ చూచుచుందుము. అది తరచుగా తల్లిది కాదు, పలనాటిలో మిగిలిన నాయనమ్మది.