మురుగునీటికి కుంటల వరుస

ఆకుకూరల కట్టను కొనునపుడు మనము తాజాదనమును, ధరను చూతుము. ఆ మడికి పారిన నీరెట్టిదో అడుగము. హైదరాబాదునకు దిగువన మూసీ వెంబడి, నగరపు మురుగు కలిసిన నీటితో దశాబ్దములుగా పశుగ్రాసమును, వరిని, ఆకుకూరలను పండించుచు వచ్చిరి. రైతునకు నీరు కావలెను. మురుగులోని సత్తువయు పైరునకు మేలే. తొలగింపవలసినవానిలో ముఖ్యమైనవి అందలి రోగక్రిములు.

వానివలన కలుగు కీడు ఎంతటిదో చిలీ దేశపు సాంటియాగో నగరమున రుజువైనది. శుద్ధిచేయని మురుగునీటితో పెంచిన కూరలను పచ్చిగా తినుటచే అచట టైఫాయిడు పాతుకొని యుండెను. 1991లో కలరా భయమున ప్రభుత్వము అట్టి సాగును నిషేధింపగా, టైఫాయిడు సైతము మిక్కిలి తగ్గిపోయెను.

నిషేధముతో పనిలేకుండ నీటినే శుద్ధిచేయు ఉపాయము కుంటల వరుస. చిలీకి పొరుగుననున్న పెరూలో, లిమా నగరము చెంత శాన్ హువాన్ అను చోట 1960 దశకముననే ఇట్టి కుంటలను త్రవ్వి, ఆ నీటితో ఇసుకనేలపై చెట్లు పెంచిరి.

మొదటి కుంట లోతైనది. అందు మడ్డి అడుగంటును. తరువాతివి లోతు తక్కువవి. వానిలో పెరుగు నాచు పగలెల్ల బొగ్గుపులుసు వాయువును గ్రహించి ప్రాణవాయువును విడుచును. నీటి క్షారగుణము హెచ్చును. ఎండ, ప్రాణవాయువు, క్షారగుణము కూడినచోట ప్రేగులనుండి వచ్చిన బాక్టీరియా నిలువజాలవు. మన వేడిమిలో ఈ పని మరింత త్వరగా సాగును. ఏలికపాముల గ్రుడ్లు మాత్రము సులభముగా చావవు. నిలుకడ నీటిలో మెల్లగా అడుగునకు దిగును. మడ్డిలో అవి ఏండ్ల తరబడి బ్రతికియుండును గనుక, దానిని తీసి నేరుగా పొలమున చల్లరాదు.

ఒకే పెద్ద చెరువు చాలదా యని అడుగవచ్చును. లెక్క చూతము. 100 మిల్లీలీటర్ల మురుగులో కోటి మలక్రిములున్నవనుకొందము. ఒక్కొక్క కుంట పదింట తొమ్మిది వంతులను చంపినచో, నాలుగు కుంటలు దాటునప్పటికి మిగులునవి 1,000. ఆ నాలుగింటి పరిమాణముగల ఒకే చెరువైనచో, ఇంజనీర్ల సూత్రము ప్రకారము సుమారు 2,70,000 మిగులును. ఏలయన, ఒకే చెరువులో నేడు చేరిన మురుగు కొంత నేడే బయటపడును. పచ్చిగా తిను కూరల సాగునకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో సూచించిన హద్దు ఆ 1,000యే. లీటరునకు పురుగు గ్రుడ్డు ఒకటికి మించరాదనియు చెప్పినది.

కుంటనుండి వెలువడు నీరు నాచుతో పచ్చగా నుండును. తేటగా కనబడు నీటిలో క్రిములుండవచ్చును. ఈ పచ్చని నీరు వానిని చాలవరకు పోగొట్టుకొన్నదై యుండవచ్చును. కంటిచూపుతో తీర్పు చెప్పరాదు, పరీక్ష చేయవలెను.

కుంటలకు విద్యుచ్ఛక్తి యక్కరలేదు, నేల కావలెను. పట్టణముల చెంత నేల ధర పెరుగుకొలది దానిని విడుచువారు అరుదు. అయినను ఆ మిగులు సొమ్ము జ్వరముల ఖర్చుగా మనచేతనే కట్టించును. ఆకుకూరలను కడిగి, వండి తినుట ఇంటింటి పని. కుంటలకు చోటడుగుట ఊరందరి పని.