ఆసుపత్రిలో మంచం



నిరుడు వానాకాలంలో మా అత్తగారికి ఆయాసం ఎక్కువైతే జిల్లాలోని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. వార్డులో మంచానికి ఇద్దరేసి. ఒకరి తల ఇటు, ఇంకొకరి తల అటు. మా అత్తగారు మంచం ఎక్కనన్నారు. ‘‘పరాయిపిల్ల మొహం దగ్గర కాళ్ళు పెట్టి పడుకోనా? నాకా పాపం వద్దే’’ అని కింద చాప వేయించుకున్నారు. ఆవిడ పట్టుదల మీకు తెలీదు! రెండు రాత్రులు చాపమీదే. పక్కనుంచి చక్రాల బండి వెళ్ళినప్పుడల్లా ఆవిడ చెయ్యి లాగి నా ఒళ్ళో పెట్టుకునేదాన్ని.

నర్సమ్మ మీద విసుక్కున్నాను. ఆమె మెల్లిగా, ‘‘మంచాలు స్టోరులో ఉన్నాయమ్మా. వేస్తే చూసేవాళ్ళేరీ? రాత్రి ఈ వార్డంతటికీ నేనొక్కదాన్నే’’ అంది. నాకు సిగ్గేసింది.

అప్పటిదాకా మంచమంటే నాలుగు కోళ్ళూ, పరుపూ అనుకున్నాను. డాక్టరు, మూడు డ్యూటీలకూ నర్సు, ఆక్సిజను, ఉతికిన దుప్పటి, తుడిచే మనిషి... ఇవన్నీ కలిస్తేనే ఆసుపత్రిలో మంచం. ఇనపమంచం ఒకసారి కొంటే సరి, జీతం నెలనెలా ఇవ్వాలి. బడ్జెట్టుకు వచ్చిన తంటా అదే. కొత్త భవనానికైతే రిబ్బను కత్తిరించవచ్చు. నర్సు జీతానికి ఏం కత్తిరిస్తారు చెప్పండి?

1946లో భోర్ కమిటీ లెక్క ప్రకారం దేశంలో సుమారు నాలుగువేల మందికి ఒక్క మంచం. 2017 జాతీయ ఆరోగ్య విధానం వెయ్యిమందికి రెండుండాలంది. 2025 నాటికి ప్రభుత్వాలు ఆరోగ్యానికి పెట్టే ఖర్చు జాతీయోత్పత్తిలో నూటికి రెండున్నర వంతులు కావాలని కూడా అంది. 2021-22 లెక్కల్లో అది 1.84 మాత్రమే. ఆ ఏడు దేశంలో వైద్యానికైన ప్రతి నూరు రూపాయల్లో 39 జనం సొంతంగా పెట్టుకున్నవే. 2013-14లో 64 ఉండేది కనుక తగ్గింది, కాదనను. కాని ఆ 39 ఎక్కడినుంచి వస్తాయో ఆడవాళ్ళకి నేను చెప్పాలా? మన చేతి గాజులే ముందు బ్యాంకు కెడతాయి.

2007 నుంచి ఆరోగ్యశ్రీ ఉందిగా అంటారు. పెద్ద ఆపరేషన్లకు ఎందరినో ఆదుకుంది, నిజమే. కార్డు ఖర్చు కడుతుంది గాని, రాత్రి రెండు గంటలకు వార్డులో రెండో నర్సును తెచ్చి నిలబెట్టదు కదా!

అందుకే, ఈసారి మీ ఊరి ఆసుపత్రికి కొత్త మంచాలొచ్చాయని ఎవరైనా చెబితే, నర్సు పోస్టులు ఎన్ని ఖాళీగా ఉన్నాయో కూడా అడగండి. నేను అడుగుతున్నాను. జవాబు ఇంకా రాలేదు.

మూడోనాడు మా అత్తగారికి విడిగా మంచం దొరికింది. ఎవరు ఖాళీ చేస్తే దొరికిందో ఆవిడ ఇప్పటికీ అడుగుతూంటారు. నేను చెప్పలేదు.